లారీని లాగిన గొట్టం

ఆ పొద్దున మా బావ టీ కొట్టుకి వచ్చేటప్పటికే ఉడికిపోతున్నాడు. ఫ్యాక్టరీ గోడ మీద కొత్త ఫోటో పెట్టారు. గాజు గదిలో కూర్చునే ఇంజనీరుది. కింద "సురక్షితమైన క్యాథెటర్ రూపకర్త" అని రాశారు. క్యాథెటర్ అంటే రక్తనాళంలోంచి గుండె దాకా పంపే సన్నటి గొట్టం. దాని కొసకి మెత్తటి మూతి అతికే మిషను మీద మా బావ పదహారేళ్ళుగా పనిచేస్తున్నాడు. నేను అక్కడే ప్యాకింగులో ఉంటాను.

టీ కొట్టు అక్క మొహం ఆ రోజు పీక్కుపోయి ఉంది. వాళ్ళాయన గుండె నొప్పితో ఆస్పత్రిలో ఉన్నాడు, ఆడపడుచుని పక్కన కూర్చోబెట్టి పొద్దుటి షిఫ్టు టీలకని వచ్చింది.

"అన్నయ్యా, పదకొండింటికి ఆయన్ని లోపలికి తీసుకెళ్తారట. గొట్టం బయట కొనుక్కురమ్మన్నారు. షాపులో రెండు రకాలున్నాయి, ఒకటి మీ ఫ్యాక్టరీది. ఏది తీసుకోమంటావు?"

"ఇదీ ఒక ప్రశ్నేనా చెల్లెమ్మా? కళ్ళు మూసుకుని మాది తీసుకో. ఎందుకంటావా, అది కనిపెట్టింది ఆ ఫోటోలో పళ్ళికిలిస్తున్నవాడు కాదు, నేను. ఒరేయ్, నువ్వు కూడా విను, నీకూ తెలీదు. పాత గొట్టాలకి మూతిని జిగురుతో అంటించేవాళ్ళు. అయ్యా, ఇది నాళం లోపల ఊడితే ఎవడెళ్ళి ఏరుకొస్తాడు, మూతిని గొట్టం మీదికి గోరంత ఎక్కించి వేడితో కరిగించి కలిపెయ్యండి అన్నాను. గాజు గదిలో నవ్వారు. నవ్వితే నాకు ఎక్కడ లేని తిక్క వస్తుంది కదా, ఇంటికెళ్ళి మీ అక్క ఇస్త్రీపెట్టె తీసుకుని..."

"ఆ ఇస్త్రీపెట్టె మా అక్క ఎప్పుడో అమ్మేసింది బావా."

"అమ్మింది రెండోది, నోర్ముయ్. ఒక్కసారి ఆనించాను, అంతే, అతుకు ఎక్కడుందో నాకే దొరకలేదు. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? దానికి మనిషిని వేలాడదీశాను. ఎవర్ని? నన్నే. మూడో అంతస్తు పిట్టగోడ మీంచి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా వేలాడాను, అక్కడే అన్నం తిన్నాను, చెయ్యి కూడా అక్కడే కడుక్కున్నాను. అయినా నాకు నమ్మకం కుదరలేదు. లారీకి కట్టాను."

బల్ల చివర కూర్చున్న లారీ డ్రైవరు తలెత్తాడు. "ఏ లారీకి?"

"నీ లారీకే. నువ్వు సీట్లో గుర్రు పెడుతున్నావు. ఇరవై టన్నుల ఇనుముతో గుంటలో దిగబడి ఉంటే గొట్టం ముంజేతికి చుట్టుకుని లాగాను, వచ్చేసింది. సరే ఇదేం గొప్ప అని రెండు లారీలకి చెరో కొసా కట్టి చెరో వైపు తోలించాను. రెంటి బంపర్లూ ఊడి రోడ్డు మీద పడ్డాయి. గొట్టం మాత్రం తీగలా జుంయ్‌మంది. అప్పుడింక కోపం ఆగక ఫ్యాక్టరీకే కట్టాను. మూడంగుళాలు జరిగింది. మెయిన్ గేటు సరిగ్గా మూతపడదేమని అందరూ వాచ్‌మన్‌ని తిడతారే, పాపం వాడికేం తెలుసు."

డ్రైవరు టీ మింగలేక దగ్గాడు.

"గట్టిగా ఉంటే చాలా? నాళం గోడ గీసుకుపోకూడదు, మెత్తగా కూడా ఉండాలి. దాన్ని కోడిగుడ్డులోకి పంపి, పచ్చసొన చుట్టూ ఒక ప్రదక్షిణ చేయించి తీసుకొచ్చాను. సొన చెదరలేదు, పెంకు పగల్లేదు."

"పెంకు పగలకుండా లోపలికి ఎలా వెళ్ళింది?" అన్నాను.

"అదిరా డిజైనంటే. ఆ గాజు గది వాడినడుగు, చెప్పగలడేమో. ఇక దాని బుర్ర సంగతి విను. మలుపొస్తే ఆగి అటూ ఇటూ చూసుకుంటుంది. ఒక పెద్దాయన గుండెలో పూడుకుపోయిన దారి తెరిచిందా, పక్కనున్న రెండు దారులు కూడా ఊడ్చిందా, డాక్టరు ఇక రమ్మని లాగితే రాదే. ఇంకా పని మిగిలింది అంటుంది. ఆయన మర్నాడు మెట్లెక్కాడు, నాలుగో రోజు రైలు వెంట పరిగెత్తి దాన్ని దాటేసి ముందు స్టేషన్లో నిలబడ్డాడు. డాక్టరు నాకు ఫోన్ చేసి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంత చేస్తే ఫోటో ఎవడిది? వాడిది. అందుకే అంటున్నాను చెల్లెమ్మా, మాది తీసుకో."

అక్క నవ్వలేదు. గ్లాసులు కడగడం ఆపి, చేతులు తుడుచుకుంది.

"లారీకి కట్టినప్పుడు గొట్టం పొడిగా ఉందా, తడిగా ఉందా అన్నయ్యా?"

బావ టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"లాగి చూసే ముందు ఒంటి వేడి నీళ్ళలో రెండు గంటలు నానబెట్టాలి కదా. రక్తంలో తడిసి వెచ్చబడితే అతుకు ఉంటుందో ఊడుతుందో అప్పుడే తెలుస్తుందని నువ్వే చెప్పావు. ఆ నీళ్ళ తొట్టి పాడై మూడు వారాలైందని, పొడిగానే లాగి పంపెయ్యమంటున్నారని మొన్న ఈ బల్ల మీదే కూర్చుని తిట్టావు. టీ పోసేదానికి చెవులుండవనుకున్నావా?"

"అది... పైవాళ్ళు సరుకు ఆగకూడదని..."

"నానబెట్టినట్టు కాయితం మీద రాయాలి కదా. ఎవరు రాశారు?"

"నేనే."

"తెలిసి కూడా నన్ను అదే కొనమన్నావు. గోడ మీద నీ బొమ్మ లేదన్న కోపానికి మా ఆయన గుండె కావాల్సొచ్చిందా నీకు?" అక్క పొయ్యి కట్టేసి, సంచీ తీసుకుని చెప్పులు వేసుకుంది. "ఆ రెండో రకమే కొంటాను."

నాకు టీ చేదుగా తగిలింది. ఈ మూడు వారాల్లో నాలుగు వేల డబ్బాలు వెళ్ళాయి. ఒక్కోటీ నా చేతుల మీదుగానే వెళ్ళింది. షాపులో ఆమె చూసి వచ్చినదీ వాటిలోదే అయ్యుంటుంది. ఆ మాటే బావతో అన్నాను.

బావ బల్ల మీంచి లేచాడు. "అన్నీ వెనక్కి రప్పించాలిరా. ఇప్పుడే వెళ్ళి చెప్పాలి. కానీ నేను చెబితే గాజు గదిలో ఎవడు నమ్ముతాడు? మళ్ళీ మొదలుపెట్టాడు కోతలు అంటారు."

రోడ్డు దాటబోతున్న అక్క వెనక్కి తిరిగింది.

"నానబెట్టానని నువ్వు రాస్తే నమ్మారుగా."