బాబాయిగారి మొదటి ఊలు ఉండ

దారాల కొట్లో నేను బొత్తాల కోసం నిలబడి ఉండగా, నా ముందున్న పెద్దాయనకీ కొట్టు నడిపే ఆవిడకీ జరిగిన మాటలివి.

"క్రోషా అల్లడానికి సూదీ, దారమూ ఇవ్వమ్మా. ఆ నల్లది బాగుంది."

"ఎవరికి బాబాయిగారూ, మనవరాలికా?"

"నాకే. నవ్వొస్తే నవ్వేసుకో, ఏమీ అనుకోను."

"నవ్వడమెందుకండీ. కానీ నల్లదారంలో కుట్లు కనపడవు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి లేతరంగే మేలు. సూది ఏ సైజు?"

"ఇదిగో, మా ఆవిడది జేబులో వేసుకొచ్చాను. ఇలాంటిదే."

"అమ్మో, ఇంత సన్నదా? లేసులు అల్లేవారేమో."

"పెళ్ళైన కొత్తలో నా జేబురుమాళ్ళన్నిటికీ అల్లిందమ్మా. పక్కన కూర్చుని పెదాలు కదుపుతూ కుట్లు లెక్కపెట్టుకునేది. నేను పేపర్లో వార్త ఏదైనా పైకి చదివితే, లెక్క తప్పించావని తిట్టిపోసేది."

"ఇప్పుడు అల్లట్లేదా?"

"చూపు పోయింది. సూదులన్నీ డబ్బాలో పెట్టి మూత బిగించేసింది. ఆర్నెల్లుగా ఆ ఊసే లేదు. 'నువ్వు చెబుతూ ఉండు, నేను అల్లుతాను' అని నిన్న ఆవిడని అడిగాను. 'కళ్ళు కనపడకుండా నీ తప్పులు నేనెలా పట్టుకోవాలి, నీ మొహం' అంది."

"అయితే ఈ లావు ఊలు తీసుకోండి, ఈ పెద్ద సూదీ. ఇదిగో, అల్లిన ముక్క. తడిమి చూడండి."

పెద్దాయన కళ్ళు మూసుకుని ఆ ముక్క మీద వేళ్ళు పోనిచ్చాడు.

"ప్రతి కుట్టూ తెలుస్తోందమ్మా. మరి, విప్పి మళ్ళీ అల్లితే ఊలు పాడవుతుందా?"

"పదిసార్లు విప్పినా ఏం కాదు."

"రెండుండలు ఇవ్వు. మా ఆవిడ పదితో వదిలే మనిషి కాదు."