మిల్లు లెటర్‌హెడ్డు

నా పేరు బ్రహ్మయ్య, తండ్రి దశరథరామయ్య. వయసు 59. రేపల్లెలో రైసుమిల్లు నడుపుతాను. తెనాలి పోలీస్ స్టేషన్‌లో ఎస్సై బసవేశ్వరరావు గారు అడిగితే, 2025 జూలై 9న ఉదయం 11.20కి ఈ మాటలు చెబుతున్నాను.

శ్రావ్య నా చెల్లెలు చంద్రకళ కూతురు. వయసు 25. బాపట్లలో ఇంజనీరింగ్ చదివి 2022లో పాసైంది. ఎక్కడికి వెళ్ళినా అనుభవం ఎంత అని అడిగారు. చేర్చుకోకుండా అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుందండీ? ఈ ముక్క కూడా రాయండి.

ఆ డిసెంబరులో ఖాళీగా కూర్చోలేక మా మిల్లుకు వచ్చింది. ధాన్యం తెచ్చిన ట్రాక్టర్లవాళ్ళు గేటు దగ్గర ముందు నాదంటే నాదని కొట్టుకునేవాళ్ళు. "మావయ్యా, దీనికో ప్రోగ్రాం రాస్తా" అంది. రాసింది. ట్రాక్టరు రాగానే రైతు పేరు, వరుస నంబరు, తేమ, తూకం వేసి చీటీ వస్తుంది. రెండున్నరేళ్ళుగా అదే నడుస్తోంది. ఎప్పుడన్నా మొరాయిస్తే పొద్దున్న ఏడున్నరకే స్కూటీ మీద వచ్చి బాగుచేసేది. జీతం అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఇంట్లో పిల్లే కదా అనుకున్నాను.

ఈ ఏడు మార్చి 3, సోమవారం, సాయంత్రం నాలుగింటికి మిల్లు ఆఫీసులో అడిగింది. "మావయ్యా, ఇక్కడ రెండేళ్ళు సాఫ్ట్‌వేర్ పని చేశానని నీ లెటర్‌హెడ్డు మీద రాసి సంతకం పెట్టు." నా జేబులో పెన్ను తనే తీసి, మూత విప్పి ఇచ్చింది. నేను పకపకా నవ్వాను. "తవుడు, నూకల కాగితం పట్టుకుని హైదరాబాదు వెళ్తావటే? పరువు పోతుంది" అన్నాను. గుమాస్తా చలపతిరావు కూడా నవ్వాడు. పిల్ల నవ్వలేదు. పెన్నుకు మూత పెట్టి, మళ్ళీ నా జేబులో గుచ్చి వెళ్ళిపోయింది.

తర్వాత తెనాలిలో అనుభవం కాగితాలు అమ్మే ఓ కన్సల్టెన్సీకి వెళ్ళిందని నాకు తెలియదు. బెంగళూరులో రెండేళ్ళు పనిచేసినట్టు వాళ్ళు అమ్మిన కాగితం హైదరాబాదులో ఓ కంపెనీకి పెట్టింది. ఇంటర్వ్యూ మాత్రం తన తెలివితోనే నెగ్గింది. జూన్ 16న చేరాల్సింది. ఈలోగా కంపెనీవాళ్ళు విచారిస్తే అసలు ఆ ఆఫీసే లేదు. ఉద్యోగం పోయింది. ఇప్పుడు ఆ అమ్మినవాళ్ళతో పాటు మా పిల్ల మీదా కేసు రాస్తే, ఇక ఏ కంపెనీ గడపా తొక్కనివ్వరు.

"నిజంగా పని చేసిన అమ్మాయి దొంగ కాగితం ఎందుకు కొన్నట్టు?" అని ఎస్సై గారు అడిగారు. నిజం కాగితం నేను ఇవ్వలేదు కాబట్టండి. బుద్ధి లేక నవ్వాను. తను చేసింది తప్పు కాదని నేననను. కానీ నేను నవ్వాను.

నిన్న లెటర్‌హెడ్డు మీద రాసి శ్రావ్య దగ్గరికి పట్టుకెళ్ళాను. మార్చి 3 అని తేదీ వేశాను. చూసి చింపేసింది. "పాత తేదీ వేశావా మావయ్యా? అయితే ఇదీ దొంగదే" అంది. అక్కడే కూర్చుని నిన్నటి తేదీతో మళ్ళీ రాశాను. అది ఇస్తున్నాను. దాంతో పాటు 2022 డిసెంబరు 19న వచ్చిన మొదటి చీటీ కూడా. దాని అడుగున సన్న అక్షరాల్లో పిల్ల పేరుంది. ఇన్నాళ్ళూ నేను చూడనే లేదు.

ఇదంతా చదివి వినిపించారు. నేను చెప్పిందే రాశారు, ఇందులో అబద్ధం లేదు. దీని కింద సంతకం అవసరం లేదని ఎస్సై గారన్నారు. ఆ రోజు పిల్ల అడిగినా పెట్టలేదు. ఇవాళ అడక్కపోయినా పెడుతున్నాను.

(సంతకం)
బ్రహ్మయ్య