పట్టపగలు లైట్లు

ఎండ నిండుగా కాస్తున్న మధ్యాహ్నం. ఆర్థికశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారి ఇంటి ముందుగది. ఆయన పాత శిష్యుడు, ఇప్పుడు విద్యుత్ శాఖలో సలహాదారు, తను రాసిన పుస్తకానికి ముందుమాట అడగడానికి వచ్చి కూర్చున్నాడు.

“ఎందుకురా అలా నవ్వుతున్నావు?”

“మరేం లేదు మాస్టారూ. పట్టపగలు ఇంటినిండా లైట్లు! వంటింట్లో, నడవలో, ఆఖరికి మెట్ల కింద కూడా. హాస్టల్లో బల్బు ఆర్పలేదని నా చెవి మెలిపెట్టింది మీరేనా అని.”

“ఇవి ఎల్‌ఈడీలు. ఎంత కరెంటు కాలుస్తాయిలే.”

“అదిగో! సరిగ్గా నా మూడో అధ్యాయం ఇదే! మీ నోటితోనే అనేశారు.”

“చదివాన్లే.”

“ఎలా ఉంది?”

“మొదటిది బావుంది. కరెంటు కరువు రోజులు. పొదుపంటే కడుపు మాడ్చుకోవడమే అనుకున్నాం అప్పుడు. ఆర్పెయ్, ఓర్చుకో. మీకూ అదే చెప్పాను.”

“మరి రెండోది?”

“అదీ నిజమే. ఓర్చుకోనక్కర్లేదు, మంచి పరికరం పెట్టుకుంటే అదే వెలుతురు తక్కువ కరెంటుతో వస్తుందన్నాం. లెక్కలేసి చూపించి చంకలు గుద్దుకున్నాం.”

“తీరా చూస్తే మిగలాల్సిన కరెంటు మిగల్లేదు కదా మాస్టారూ. చవకయ్యేసరికి ఒక బల్బు వేసే చోట మూడు వేస్తున్నారు. అందుకే రాశాను, తక్కువ ధర బల్బుల పథకం ఆపెయ్యమని. మీ ముందుమాట ఉంటే పైవాళ్లు కాదనరు.”

“నేను రాయలేన్రా.”

“అదేంటి? లెక్క తప్పిందా?”

“లెక్క సరిగ్గానే ఉంది. ‘వృథా’ అన్నావు చూడు, ఆ మాట...”

“వృథా కాకపోతే ఏమిటి?”

“టీ తాగుతావా?”

“మాట మార్చకండి మాస్టారూ. అవునూ, అమ్మగారేరీ? వచ్చినప్పట్నుంచీ కనబళ్లేదు.”

“లోపల పడుకుంది.”

“ఇన్ని లైట్ల మధ్య నిద్రెలా పడుతుంది! ఉండండి, నడవలోదైనా ఆర్పి వస్తా—”

“ముట్టుకోకు!”

“మాస్టారూ?”

“కూర్చో. కూర్చో నాన్నా. అరిచాను, ఏమనుకోకు. మీ అమ్మకి చూపు పోతోందిరా. కంటి నరాలు ఎండిపోతున్నాయట. మందు లేదన్నారు.”

“ఎప్పట్నుంచి? మాకెవరికీ చెప్పనే లేదు!”

“తనే వద్దంది. ‘పిల్లలొచ్చి జాలిగా చూస్తారు. ఆ చూపులు నాకెలాగూ కనబడవు, భరించాల్సింది మీరే’ అని నవ్వింది.”

“అయ్యో...”

“ఇంత వెలుతురుంటే గడప తెలుస్తుంది. గిన్నె తెలుస్తుంది. నేనెదురొస్తే నీడలా కంటికి ఆనతాను. ఆర్పేశామంటే ఈ ఇంట్లో నేను లేనట్టే తనకి. పాత బల్బులతో ఇది నా పెన్షన్‌కి అయ్యే పనేనా? ఇవన్నీ నువ్వు ఆపమన్న ఆ పథకంలో ఇచ్చినవే.”

“నాకు తెలీదు మాస్టారూ.”

“నీకెలా తెలుస్తుంది? నేను మాత్రం అడిగానా ఎప్పుడైనా? ఎంత ఆర్పాం, ఎంత మిగిలింది, ఇంతే గోల మనకి. మిగలనిది ఎవరింట్లో వెలుగుతోందో, ఎవరికోసమో అడగలేదు. ఆ అధ్యాయం రాయి. కళ్లు మూసుకుని ముందుమాట రాసిస్తాను.”

“రాస్తాను. పథకం ఆపమన్నది కొట్టేస్తాను, ఇవాళే. మరి అమ్మకి... ఇంకెన్నాళ్లన్నారు?”

“చెప్పలేదు. ఒకరోజు ఎంత వెలుతురైనా చాలదు, ఆ రోజు మీకే తెలుస్తుంది అన్నారు. తను నిద్రలేచిన ప్రతిసారీ నా గుండె గుప్పిట్లో ఉంటుందిరా. ఇదిగో, లేచినట్టుంది. నువ్వు మామూలుగా ఉండు.”

“ఎవరండీ వచ్చింది? మన అబ్బాయి గొంతులా ఉందే!”

“నేనేనమ్మా.”

“వచ్చావా నాన్నా! కదలకు, అక్కడే కూర్చో, కాలికేదైనా తగులుతుంది. ఏమండీ, పిల్లాణ్ణి ఇలా చీకట్లో కూర్చోబెట్టారేంటి? కరెంటు పోయిందా?”