పక్క కుర్చీ

చిక్కడపల్లి గ్రంథాలయంలో గ్రూప్స్‌కు చదువుకునే అమ్మాయిని వెతుక్కుంటూ, మెదడుకు సోకే జ్వరాలపై పరిశోధన చేసే డాక్టరమ్మ వచ్చింది.

“ఇక్కడ కూర్చోవచ్చా అమ్మా?”

“ఆ కుర్చీ వద్దు మేడం. అది మా చెల్లె స్వరూపది. పోయి ఆర్నెల్లయినా, పొద్దుగాల్నే వచ్చి రుమాలేసి ఆపుతున్న.”

“సరే, నిలబడే చెబుతాను. జ్వరమొచ్చినప్పుడు మీ ఇద్దరి రక్తంలోనూ ఒకే బాక్టీరియా కనిపించింది కదా?”

“అవ్‌ మేడం. ఒక్క రూముల ఉన్నం, ఒక్క కంచంల తిన్నం. నాకు జ్వరమొచ్చి తగ్గింది. దానికి మెదడుకెక్కింది. ఎందుకట్ల?”

“రక్తంలోంచి అది మెదడులోకి దాటకుండా కొందరి జన్యువులు అడ్డుకుంటాయేమోనని మా అనుమానం. తన రక్తం ఆసుపత్రిలో దాచి ఉంచారు. దాని పక్కన పెట్టి పోల్చి చూడటానికి నీది కొంచెం కావాలి.”

“మా ఇద్దరి జన్యువులు అంత వేరేనా?”

“లేదమ్మా. తోడబుట్టినవాళ్లకి దాదాపు సగం కలుస్తాయి.”

“అయితే మా స్వరూప సగం నాల ఉన్నట్టే గద మేడం?”

“ఉన్నట్టేనమ్మా.”

“కూసోండ్రి మేడం, రుమాలు తీస్త. రక్తం ఎంత కావాల్నో తీసుకోండ్రి. తేడాలు మీరు రాసుకోండ్రి. కలిసినయి మాత్రం నాకు చెప్పుండ్రి.”