పెత్తనం ఎక్కువైన వంతెన

సన్నెమ్మని వాగవతలోళ్ళు వంతెనమ్మ అనేవోళ్ళంట. ఎందుకంటే వెదుళ్ళతో, తాళ్ళతో వాగు మీద నడకవంతెన కట్టించింది ఆవిడే. వానాకాలంలో నొప్పులొచ్చిన మనిషిని ఆసుపత్రికి చేర్చాలంటే అదొక్కటే దారనుకోండి. ఏమైందంటే, ఓరోజు ఇంజనీరు ఆఫీసు నుంచి ఇంగ్లీషు కాగితమొచ్చింది. బడిపంతులు సూరయ్య చదివాడు. బ్రిడ్జి తెలిసింది, సోమవారం తెలిసింది, కోసేస్తారని తెలిసింది. ఎందుకు కోసేస్తారో చెప్పే మాట 'స్వే' అంట, అదొక్కటీ తెలియలేదు. డిక్షనరీ తీస్తే రెండర్థాలున్నాయి, ఊగడమని ఒకటి, పెత్తనమని ఒకటి. ఆఫీసు కాగితంలో ఊగడమేటి, పెత్తనమే అయ్యుంటుందని తేల్చి, "వంతెన మీద పెత్తనం ఎక్కువైందంట, అందుకే తీసేస్తారంట" అన్నాడు. అందరూ సన్నెమ్మకేసి చూశారు. మరి పెత్తనం ఆవిడదే కదా. ఏ తాడు మార్చాలో, ఒకేసారి ఎందరెక్కాలో చెప్పేది ఆవిడే. మాట వినకపోతే సర్పంచినైనా దింపేసేది.

సోమవారం ఇంజనీరు జీపు దిగాడో లేదో ఎదురెళ్ళి, "బాబూ, పెత్తనం నేనొదిలేస్తాను, ఊరొదిలి పొమ్మన్నా పోతాను, వంతెన మాత్రం కొయ్యకండి" అందంట. చూశారా మనిషిని? ఆయనకేమీ అర్థంకాక పంతుల్ని అడిగి, సంగతి తెలిసి నవ్వేసి, "స్వే అంటే ఇక్కడ ఊగడమమ్మా. ఇది మరీ ఊగుతోందని రాశాం" అన్నాడు. "ఓస్, ఊగడమా" అంది సన్నెమ్మ. "ఊగకుండా కట్టినదాన్ని రెండేళ్ళకిందట వాగు ఎత్తుకుపోయింది బాబూ. ఇది నీళ్ళొస్తే వంగుద్ది, నీళ్ళు పోతే లేస్తది. రా, నా ఎనకాల నడు. బిగుసుకోకు, అదెటు ఊగితే అటు ఊగు." ఆయన ప్రతి ముడీ పట్టి లాగి చూసుకుంటూ అవతలికి పోయాడు, ఇవతలికొచ్చాడు. వచ్చి, జీపు మీదే కాగితం పెట్టి రాశాడు. వంతెన ఉంచవచ్చు, తాళ్ళ సంగతి సన్నెమ్మ చెప్పినట్టు చెయ్యాలి అని. అంటే చూడండి, ఊగడమూ నిలబడింది, పెత్తనమూ నిలబడింది.

పంతులు ఊరుకోలేదు. పట్నంపోయి పెద్ద డిక్షనరీ తిరగేశాడు. ఎక్కడో చలిదేశాల పాత భాషలో వంగడం, వంచడం అనే మాట నుంచి ఇది పుట్టిందంట. వంగేది ఊగుతుంది, ఎదుటోణ్ణి వంచగలిగినోళ్ళది పెత్తనం, అలా ఒక్క మాటే రెండైందన్నమాట. ఇన్ని అర్థాలు ఒకేదాంట్లో కుక్కితే చదివేవాడేం కావాలని పంతులు ఇప్పటికీ విసుక్కుంటాడు. నేనేమంటానంటే, ఆ మాట పుట్టిన చోట కూడా ఎవరో ఒక సన్నెమ్మ ఉండే ఉంటుంది.