ఇద్దరు సూర్యుళ్ల కోట

ఈ కథ నాకు మొదట చెప్పింది ప్రొజెక్టర్ తిప్పే పొట్టివాడు. నేనెవరో తెలియక నాకే చెప్పాడు, వాడి నోరు పడిపోను! ఇప్పుడేమో సినిమాల చరిత్ర పుస్తకంలోకే ఎక్కించారా? ఏదీ, ఇంకోసారి చదువమ్మాయ్. ‘రంగులు కలిపే సహాయకుడి అజాగ్రత్త వల్ల...’ చాల్లే, ఆపు.

నన్నట్లా గుడ్లురిమి చూడకు. మీ నాన్న సంగతి మీ మావయ్యకి తెలియదా?

అసలు కోటెక్కడిది? మైదానంలో కట్టింది నిలువెత్తు గోడ, అంతే. పైనున్న బురుజులు, మేఘాలు అన్నీ నేను గాజుపలక మీద వేసినవే. ఆ పలకని కెమెరా ముందు నిలబెట్టి అందులోంచి చూస్తే, గోడ ఎక్కడ ఆగిందో, నా బొమ్మ ఎక్కడ మొదలైందో కనిపెట్టు చూద్దాం! దాని గురించి ఒక్క ముక్క రాశారా? రాయరు. నీడలట, నీడలు!

సరే, తేడా వచ్చింది. కాదన్నానా? బురుజుల నీడలు ఎడమకి, కింద గుర్రాల నీడలు కుడికి. తీసింది వేసి చూస్తుంటే వెనక బెంచీలో ఎవడో, ‘ఈ రాజ్యానికి ఇద్దరు సూర్యుళ్లురా!’ అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది.

మూడు రోజులూ పొద్దున్నే కూర్చుని వేశాను. కంటికి కనిపించిన ఎండే వేశాను. వాళ్లు తీసిందేమో సాయంత్రం. ముందే ఎవరైనా చెప్పొద్దూ?

ఏమిటలా చూస్తావ్? చెప్పారు. మీ నాన్నే చెప్పాడు. ‘బావా, నాలుగింటికి తీస్తారట, నీడలు అటు తిప్పు బావా’ అని రెండుసార్లు చెప్పాడు. ‘రంగులు కలిపేవాడివి రంగులు కలుపు’ అన్నాను. పదిమందిలో అన్నాను. నాకు వాడు చెప్పడమేమిటి?

డైరెక్టరు లేచి, ‘ఈ నీడలు వేసిందెవరు?’ అన్నాడు. నేను వంగి బెంచీ కింద చెప్పులు వెతుక్కుంటున్నట్టు నటించానమ్మాయ్. మీ నాన్న లేచి నిలబడ్డాడు. వాళ్లక్క సంసారం తలుచుకున్నాడో ఏమో, నా వంక చూడనైనా చూడకుండా ‘నేనేనండీ’ అన్నాడు.

ఆ పూటే పంపించేశారు. ఇక బతుకంతా కొట్లకి బోర్డులు రాసుకున్నాడు. నేను ఇంకో పదకొండు సినిమాలకి కోటలు వేశాను.

పోయేదాకా నన్నొక్క మాట అనలేదు. అదే నాకు ఒళ్లుమంట! అని ఉంటే పోట్లాడేవాణ్ణి, తేలిపోయేది.

ఏడవకు. కాగితం తీయి. ఆ పుస్తకం వాళ్లకి రాయి. నీడలు వేసింది వాడు కాదు, నేను. వాడు చెప్పినా వినలేదని కూడా రాయి. అచ్చులో దిద్దాలని గట్టిగా అడుగు. రాశాక నాకు చదివి వినిపించు. ఎక్కడైనా నన్ను మంచివాణ్ణి చేశావో, చించి పారేస్తాను.