సవరయ్య వాదించిన న్యూసెన్సు కేసు

రేపు పది గంటలకు ముత్తక్క కొత్తగూడెం కోర్టులో నిలబడాలి. అందుకని ఆ సాయంత్రం ఆమె హోటల్ ముందు బల్లల మీద కూర్చున్నవాళ్లు చాయ్ తాగినదానికంటే సలహాలు చెప్పింది ఎక్కువ.

హోటలంటే పెద్దదేం కాదు. ములకలపల్లి నుంచి దమ్మపేట పోయే తోవలో, అడవి అయిపోయి మొక్కజొన్న చేలు మొదలయ్యే చోట ఒక బస్సు స్టేజీ ఉంది. ఆ పక్కన పంచాయతీ వాళ్లిచ్చిన జాగాలో నాలుగు గుంజలు, పైన తాటాకు, ఒక పొయ్యి, రెండు బల్లలు. ముత్తక్క బతుకంతా అదే.

పదిహేను రోజుల కింద, సంతనాడు, నొప్పులు పడుతున్న శ్రీదేవి అనే పిల్ల స్టేజీలో నిలబడి చెయ్యెత్తితే బస్సు ఆపకుండా పోబోయాడు డ్రైవరు. ముత్తక్క చేతిలో గంటెతోనే రోడ్డు మధ్యకు ఉరికి ఒక్క అరుపు అరిచింది. బస్సు ఆగింది, వెనక నాలుగు లారీలు ఆగాయి, సంత జనమంతా పోగయ్యారు. శ్రీదేవి దవాఖానాకు చేరింది, ఆమెకు కొడుకు పుట్టాడు. ఇక్కడ ముత్తక్క మీద న్యూసెన్సు కేసు పుట్టింది. కేసు ఖాయమైతే స్టేజీ కాడ జాగా ఉండదని పంచాయతీ సెక్రటరీ మెల్లగా చెప్పిపోయాడు.

“ఒప్పుకో అక్కా,” అన్నాడు పక్కన పంక్చర్ షాపు సారంగపాణి. “అందరు ఒప్పుకునుడే. ఫైన్ కట్టు, కోర్టు లేసేదాంక మూలకు కూసో, పొద్దుగూకంగ ఇంటికి రా.”

“ఒప్పుకుంటే జాగా పోతది గద తమ్మీ.”

“ఒప్పుకోకపోతే వకీలును పెట్టాలె.”

అప్పుడు సవరయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. బొగ్గుబాయిలో ముప్పై ఏండ్లు పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టి రిటైరైన మనిషి. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే ముచ్చట మొదలైనట్టేనని స్టేజీలో అందరికీ తెలుసు.

“వకీలెందుకు చెల్లే, నేను లేన్నా? నాలుగేండ్ల కింద నా న్యూసెన్సు కేసు నేనే వాదించుకున్న. అదే కోర్టు, అదే బోను. నేను చేసింది కూడ పెద్దగ ఏం లేదు. మా ఇంటామె జోజమ్మ బస్టాండుల బస్సు దిగి నన్ను చూడకుండ అవతలికి పోతున్నది, ‘ఓ జోజమ్మా’ అని పిలిచిన. గంతే. పోలీసాయన వచ్చి చెయ్యి పట్టుకున్నడు.”

“గా మాత్రానికే కేసా?” అన్నాడు సారంగపాణి.

“అదే అడిగిన నేను గూడ. జడ్జిగారు ‘నేరం ఒప్పుకుంటవా’ అన్నరు. సార్, ఒప్పుకునే ముందు పోలీసాయన్ని రెండు ముచ్చట్లు అడుగుత, సెలవియ్యుండ్రి అన్న. అడుగు అన్నరు. అయ్యా, నేను అరిచిన్నా, పిలిచిన్నా అన్న. ఆయన నెత్తి మీది టోపీ తీసి చేతుల పట్టుకున్నడు. మరి నా గొంతు ఎంత దూరం పోయింది అన్న. ‘ఫర్లాంగు దూరం’ అన్నడు. గప్పుడొచ్చింది నాకు కోపం. ఫర్లాంగా? సార్, న్యూసెన్సు అంటే పడత గని గీ అవమానం పడ అన్న. మా బాయిల షిఫ్టు సైరన్ కూత చెడిపోతే మేనేజరు సారు జీపు తోలి నన్ను పిలిపించుకున్నడు, తొమ్మిది దినాలు మూడు షిఫ్టులకు కూత నేనే కూసిన, కల్లూరు దాంక జనం గడియారాలు సరిచేసుకున్నరు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఏమైంది?”

“జడ్జిగారు ‘ఋజువు’ అన్నరు.”

ముత్తక్క పాలు పొంగకుండా గంటెతో తిప్పుతూనే వింటున్నది. రేపు తనతో వస్తానని, తన తరఫున రెండు ముక్కలు మాట్లాడతానని సవరయ్య పొద్దున్నే అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమెకు సగం ధైర్యం వచ్చింది. మిగతా సగం ఈ కథలో దొరుకుతుందేమోనని చెవి అటే పెట్టింది.

“ఋజువంటే ఏం జేస్త? సగం గొంతుతోటే ‘ఓ జోజమ్మా’ అన్న. కరెంటు లేదు, ఫ్యాను తిరిగింది. బీరువాల మీది కట్టలన్ని లేసినయి. ఇరవై ఏండ్ల సంది అడుగున పడ్డ కేసులు పైకొచ్చినయి, జడ్జిగారు కూసున్నకాడనే పదకొండు కేసులకు తీర్పు చెప్పిండ్రు. అటు కల్లూరుల ఎడ్లు పొద్దుగూకింది అనుకోని అరకలతోటి ఇంటికి పోయినయి. ములకలపల్లి అడవిల నీళ్లు తాగుతున్న పులి తలెత్తి, వస్తున్న అన్నట్టు ఒక్క గాండ్రు గాండ్రించింది.”

“జోజమ్మ వదినె వచ్చిందా మరి?”

“దాని ముచ్చట ఇడువు, అది పిలిస్తే ఎన్నడొచ్చింది? అసలుది విను. ఆ దినం భద్రాచలం కాడ గోదారి మీదికొస్తున్నది, మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిండ్రు. నా గొంతు పోయి ఆ నీళ్లకు తగిలింది. రెండడుగులు తగ్గింది గోదారి.”

“తగ్గిన నీళ్లు ఎటు పోయినయన్నా?” అన్నాడు సారంగపాణి, నవ్వు ఆపుకుంటూ.

“ఎగువకు. ఇంకెటు పోతయి? మళ్ల తిరిగొచ్చేటాలకు వాన ఆగింది. పై ఆఫీసరు కోర్టుకు ఫోన్ చేసిండు, ‘ఆ మనిషిని ఇంకోపారి పిలవమనుండ్రి, బ్రిడ్జి కాడ ఇంకా ఒక అడుగు ఎక్కువున్నది’ అని. అంతే, జడ్జిగారు కుర్చీల నుంచి లేసిండ్రు. సవరయ్యగారూ, మీకు తీర్పు చెప్పేటోన్ని నేను కాదు, మిగిలిన కేసులు మీరే చూడుండ్రి అని కిందికి దిగిండ్రు. నేను వద్దన్న. ఇంటరా? కూసోబెట్టిండ్రు. ఆ దినం ఎంతమంది వచ్చిండ్రో అంతమందిని, ఒక్కన్ని మిగలకుండ, ఇడిసిపెట్టిన.”

“అందరిని ఇడిసినవా సవరన్నా?”

ఆ అడిగింది బిచ్యా. తండా నుంచి బండి మీద వెదురు తోలుకొచ్చి సంతలో అమ్ముతాడు. గంట నుంచి రెండో బల్ల చివర కూర్చుని వింటున్నాడు.

“అందరిని.”

“మరి నన్నెందుకు ఇడువలే? నీ తర్వాత పేరు నాదే.”

సవరయ్య గ్లాసు అందుకున్నాడు. అందులో చాయ్ లేదు.

“నువ్వు... ఆ దినమా?” అన్నాడు.

“ఆ దినమే. సంతకాడ నా ఎడ్లు అడ్డమొచ్చినయని పట్టుకపోయిండ్రు. బోను పక్కపొంటే నిలబడ్డ.” బిచ్యా గొంతు పెంచలేదు. వెదురు ధర చెప్పినట్టే చెప్పాడు. “జడ్జిగారు ‘నేరం ఒప్పుకుంటవా’ అన్నరు, అది నిజం. అన్న బోనెక్కిండు. మోకాళ్ల మీద కూసున్నడు. నొసలు, రొమ్ము, రెండు భుజాలు ముట్టుకున్నడు. కండ్లు మూసుకోని, ‘పాపసంకీర్తనం చేసి పదకొండు నెలలైంది స్వామీ’ అన్నడు.”

సారంగపాణి బల్ల మీద నుంచి జారబోయి గుంజ పట్టుకున్నాడు.

ముత్తక్కకు మాత్రం అది వింతగా తోచలేదు. సవరయ్య వాళ్లు తాతల నాటి నుంచి చర్చిలో ఫాదర్ దగ్గర కట్టె జాలీ ముందు మోకరించి తప్పులు చెప్పుకునేవాళ్లే. ఎదురుగా కట్టె, అవతల ఎత్తు మీద పెద్దమనిషి, ‘ఒప్పుకుంటవా’ అన్న మాట. యాభై ఏండ్ల అలవాటు మోకాళ్లను వంచదా మరి?

“బస్టాండు ముచ్చట ఒక్కటి రాలే,” బిచ్యా చెప్పుకుపోయాడు. “బాయిల పండుకోని పని చేసినట్టు మస్టరు వేయించుకున్నది చెప్పిండు. పక్కింటోళ్ల పుంజును కోసుకోని, అడవిపిల్లి ఎత్తుకపోయిందన్నది చెప్పిండు. అబద్ధాలకైతే లెక్క లేదు స్వామీ అన్నడు. జడ్జిగారు మూడుసార్లు చాలన్నరు. ఆగలే. ఆఖరుకు ‘ఈ పాపాలకు ఎన్ని మంగళవార్త జపాలు చెయ్యమంటరు’ అన్నడు. ‘వంద రూపాలు. కోర్టు లేసేదాంక ఆ మూలకు కూసో’ అన్నరు.”

సవరయ్య ఖాళీ గ్లాసును బల్ల మీద బోర్లించాడు.

“పుంజు ముచ్చట కూడ చెప్పిన్నా?” అన్నాడు మెల్లగా.

“చెప్పినవ్. మీ పక్కింటాయన వెనక బెంచీలనే ఉన్నడు.”

“గందుకనా వాడు మాట్లాడుడు బంద్ చేసింది.”

అందరూ నవ్వారు. ముత్తక్క నవ్వలేదు. దొరికిన సగం ధైర్యం కూడా పొగలా పోయింది. పొయ్యి తగ్గించి వచ్చి బిచ్యా ఎదురుగా కూర్చుంది.

“నీదేమైంది బిచ్యా?”

“నా కాయితంల మందు తాగి బూతులు తిట్టిండు అని రాసిండ్రు. ఆ దినం నేను తాగలే అక్కా. కాదు సార్ అన్న.”

“ఇంకేమన్నవ్?”

“ఇంకేం రాలే నాకు. రెండు వాయిదాలు తిరిగిన. నన్ను చూసినోళ్లను తెమ్మన్నరు పోలీసోళ్లను. ఎవలు రాలే. మూడో వాయిదాకు కొట్టేసిండ్రు.”

“వకీలు?”

“లేడు.”

ముత్తక్క లేచి చక్కెర డబ్బా వెనక నుంచి తన కాగితం తీసింది. పదిహేను రోజులుగా అక్కడే ఉంది. ఒప్పుకో అన్నవాళ్లలో ఒక్కరూ దాన్ని విప్పి చూడలేదు, చదువురాని ఆమె ఎవరినీ చదవమనలేదు. సారంగపాణి దీపం కిందకు జరిగి చదివాడు.

“మద్యం సేవించి, బహిరంగ స్థలమున బూతులు మాట్లాడుచు, ప్రజలకు ఇబ్బంది కలిగించినందున...” అని ఆగాడు. “గదే ముచ్చట. బిచ్యాకు రాసిందే నీకు రాసిండ్రు.”

“నేను తాగిన్నా?” అన్నది ముత్తక్క. ఆ మాటలో కోపం లేదు, ఆశ్చర్యమే. “అరిచింది నిజం. గంటె పట్టుకున్నది నిజం. మరి కాదంటే అబద్ధం కాదా బిచ్యా?”

“అరిచిన అని చెప్పు. ఎందుకరిచిన్నో చెప్పు. కాయితంల రాసింది మాత్రం కాదు అను. వాయిదా ఇస్తరు. గప్పుడు శ్రీదేవిని తీసుకపో.”

“పచ్చి బాలింత, వస్తదా?”

“నేను పోయి చెప్పొస్త,” అన్నాడు సవరయ్య. అందరూ ఆయన వైపు తిరిగారు. “ఏం జూస్తుండ్రు? నడిచే పోత. అరవను.”

ముత్తక్క కాగితం మడిచి రవికెలో పెట్టుకుంది. పొయ్యి పక్కన నిటారుగా నిలబడి, చేతులు కట్టుకుని, పాల గిన్నె వైపు చూస్తూ అన్నది.

“కాదు సార్.”

“గట్ల గొణిగితే ఎట్ల చెల్లే,” అన్నాడు సవరయ్య. “జరంత గట్టిగ అను.”

“గట్టిగ అన్నందుకే గదన్నా కేసు,” అన్నది ముత్తక్క. ఆ మెల్లటి గొంతుతోనే ‘కాదు సార్’ అని ఇంకోసారి చెప్పుకుంది.